కోత ఆపరేషనా, మిషన్ ఆపరేషనా

ఈ సంగతి రాస్తానంటే నా భార్య సరోజన ముందు ఒప్పుకోలేదు. ఊరంతా చదువుతారు, మన పరువేం కాను అంది. ఆమె అన్నదీ నిజమే. గుండెపోటు వచ్చినవాడు నలుగురిలో కూర్చుని దాని గురించి గొప్పగా చెప్పుకుంటాడు. నాకు వచ్చిన జబ్బుకు అసలు కూర్చోవడమే కుదరదు, ఇక చెప్పుకోవడం ఎక్కడిది. కానీ ఆలోచిస్తే, ఆ రెండేళ్ళలో జబ్బు నన్ను తిన్నదానికంటే సిగ్గు తిన్నదే ఎక్కువ. సిరిసిల్లలో సాంచాల మీద నిలబడేవాళ్ళలో ఒక్కడైనా ఇది చదివి, నాలాగా దాచుకోకుండా డాక్టర్ దగ్గరికి పోతే చాలని రాస్తున్నాను.

మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. పదో తరగతి పాసైన ఏడాది నుంచి నా బతుకు వాటి మధ్యనే. మా కార్ఖానాలో ఒక్కో మనిషి ఆరు సాంచాలు చూసుకోవాలి. ఒకదాంట్లో నూలు చుట్టిన కండె అయిపోతే మార్చాలి, ఇంకోదాంట్లో పోగు తెగితే అతకాలి. కరెంటు ఉన్నంతసేపు చోటు కదలకూడదన్నది ఎవరూ గోడ మీద రాయని రూలు. అన్నం తినడం, చాయ్ తాగడం, పాయఖానకు పోవడం, అన్నీ కరెంటు పోయినప్పుడే. అది పోగానే వెనకాల ఉన్న ఒకే ఒక్క పాయఖాన ముందు పదిమందిమి లైను కట్టేవాళ్ళం. మూడోవాడికి తలుపు దొరికేసరికి సాంచాలు మళ్ళీ కొట్టుకోవడం మొదలయ్యేది. లోపల కూర్చున్నవాడు సగంలో లేచి ఉరికొచ్చేవాడు. వాణ్ణి చూసి మేం నవ్వేవాళ్ళం.

నీళ్ళు తక్కువ తాగడం, వచ్చినదాన్ని బిగబట్టి వెనక్కి నెట్టడం పనితనంలో భాగమే అనుకునేవాణ్ణి. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు ఆ విద్య నేనే నేర్పాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటకే ఎక్కువ బాధేస్తుంది.

2010 ఎండాకాలం

మొదట రెండు రోజులకోసారి, తర్వాత నాలుగు రోజులకోసారి అయింది. అరగంట కూర్చున్నా ఏదో తలుపు లోపలి నుంచి గొళ్ళెం పెట్టినట్టే ఉండేది. ఎంత ముక్కితే అంత బిగుసుకునేది. చివరికి వేలితో సాయం చేసుకోవాల్సి వచ్చిన రోజున బయటికొచ్చి చేతులు మూడుసార్లు కడుక్కున్నాను, అయినా ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు. కొన్నాళ్ళకు నెత్తురు కనబడింది. ఆ తర్వాత గుత్తిగా మొలలు బయటికి రావడం, వాటిని నేనే లోపలికి తోసుకోవడం మొదలైంది.

ముస్తాబాద్ వైపు ఒకాయన ఇచ్చిన పొడి నెల రోజులు పాలల్లో కలుపుకుని తాగాను. కడుపులో మంట తప్ప ఇంకేం రాలేదు. సిరిసిల్లలోనే ఒక డాక్టర్ మొలలకు రబ్బరు బ్యాండ్లు వేశాడు. అవి రాలిపోయి రెండు నెలలు హాయిగా ఉంది. కానీ బిగబట్టడం నేను మానలేదు, ముక్కడమూ మానలేదు. మొలలు మళ్ళీ వచ్చాయి, ఈసారి ఇంకా పెద్దవి.

2010 దసరా నుంచి

అప్పుడే మా వాడలో తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నాయి. రోజుకో పదిమంది పొద్దున టెంటు కింద జంపఖానా మీద కూర్చుంటే సాయంత్రం పెద్దమనుషులెవరో నిమ్మరసం ఇచ్చి లేపేవారు. పేర్లు రాసేది రాజేశం. మా కార్ఖానాలో నా పక్క సాంచాలు అతనివే, నాకంటే నాలుగేళ్ళు చిన్న. మొదటిసారి నిజంగా తెలంగాణ కోసమే కూర్చున్నాను. ఇందులో అబద్ధం లేదు. కానీ ఆ మర్నాడు ఒక సంగతి కనిపెట్టాను. తినకపోతే బయటికి రావలసింది కూడా లేదు. రెండు రోజులు నాకు ఆ గది భయం లేకుండా గడిచింది.

అంతే, ఆ తర్వాత వారానికోసారి పేరు ఇచ్చాను. కొన్నాళ్ళకు వారానికి రెండుసార్లు. ఎవరైనా రాలేదని రాజేశం తల పట్టుకుంటే నేనే రెడీ. సాంచాల కూలి పోతుందని సరోజన అంటే, ఉద్యమం కంటే కూలి ఎక్కువా అని ఆమె నోరు మూయించాను. టెంటులో బాసింపట్టు వేసుకుని కూర్చోలేక ఒక పక్కకు ఒరిగి పడుకునేవాణ్ణి. దీక్షతో నీరసించాడనుకుని నా మెడలోనే ముందు దండ వేసేవాళ్ళు. ఒకసారి పేపర్లో ఫోటో కూడా వచ్చింది. అందరూ నన్ను పట్టుదల గల మనిషి అన్నారు. నేను కాదనలేదు.

దీక్ష లేని రోజుల్లో కూడా ఇంట్లో సగం కడుపే తినేవాణ్ణి. తిండి తగ్గితే అంతా సులువవుతుందనుకున్నాను. జరిగింది దానికి తలకిందులు. వచ్చేది రాయిలా వచ్చేది, వచ్చినప్పుడల్లా ప్రాణం తోడేసేది. సరోజన బీడీలు చుడుతూ కూడా నా కంచం వైపే చూసేది. ఒకరోజు బీడీ చాట పక్కన పెట్టి సూటిగా అడిగింది.

"నువ్వు దీక్ష జేసేది గవర్నమెంటు మీదనా, నీ కడుపు మీదనా?"

చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాను.

2011 సెప్టెంబర్

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. బొగ్గు బావుల్లో కూడా సమ్మె కావడంతో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. సాంచాలు నడిచిన గంటలకంటే ఆగిన గంటలే ఎక్కువ. టెంటు దగ్గర మాత్రం జాతరలా జనం. ఆ వారంలో నేను మూడోసారి దీక్షలో కూర్చున్న రోజు, సాయంత్రం నిమ్మరసం ఇస్తుంటే లేచి నిలబడబోయాను. కళ్ళకు చీకట్లు కమ్మాయి. పడిపోయేముందు నాకు కనబడింది జంపఖానా మీద అరచేతంత నెత్తుటి మరక. తెల్ల పైజామా అంతా ఎర్రగా ఉంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నినాదాలు అందుకున్నారు. నెత్తురు చిందించిన కార్మికుడని ఎవరో మైకులో అంటున్నారు. అది విని నాకు ఏడుపొచ్చింది. ఆస్పత్రిలో ఒంట్లో రక్తం సగానికి పడిపోయిందని సీసా ఎక్కించారు. పెద్ద సర్జన్‌కు చూపించుకోకపోతే ఈసారి లేవవని అక్కడి డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. సరోజన మంచం పక్కన నిలబడి ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

మూడో రోజు రాజేశం పళ్ళు తీసుకుని వచ్చాడు. వచ్చే వారం నాకు శాలువా కప్పాలని అనుకుంటున్నారట, ఎక్కువ రోజులు దీక్ష చేసింది నేనేనట. ఇక నావల్ల కాలేదు. మొత్తం చెప్పేశాను. ఏడాది దాటిన మొలలు, గొళ్ళెం పడిన కడుపు, తినకుండా తప్పించుకోవడం. నా పేరు ఆ కాగితంలోంచి కొట్టెయ్యమన్నాను.

రాజేశం పళ్ళ సంచిని నా తలగడ పక్కకు జరిపాడు. "తెలంగాణ కోసం గూడ జేసినవ్ అన్నా, అది నాకు ఎరుకే," అన్నాడు. "శాలువా సంగతి నేను జూసుకుంట. నువ్వు ముందుగాల గీ రోగం సంగతి జూసుకో." లేచేటప్పుడు అతను కుర్చీ చేతుల మీద బరువు వేసి, పళ్ళు బిగించి లేచాడు. ఆ రోజు నా గొడవలో నేనుండి దాన్ని పట్టించుకోలేదు.

2011 అక్టోబర్

ఆపరేషన్ తప్పదని తేలింది. కత్తితో కోసేదా, మిషన్‌తో చేసేదా, ఏ ఆపరేషన్ అన్నదే ప్రశ్న. నా భయం ఒక్కటే. కోసినప్పుడు ఆపుకునే కండరం తెగిపోతే? ఆపుకోలేని మనిషి ఆరు సాంచాల ముందు పన్నెండు గంటలు ఎట్లా నిలబడతాడు? నొప్పికి నేను సిద్ధమే. అదుపు పోతే మాత్రం నా పని పోయినట్టే, నాకు ఇంకో పని రాదు.

కోరుట్లలో మా అక్క మొగుడు గంగాధర్ బావ అంతకుముందు ఏడాది మిషన్ ఆపరేషన్ చేయించుకున్నాడు. ముందు ఆయన్ని అడిగి, అటు నుంచే జగిత్యాలలో ఉన్న పెద్ద సర్జన్ దగ్గరికి పోవాలని బయల్దేరాం. బస్సుల్లేవు. వేములవాడ దాకా ఒక ఆటో, అక్కడి నుంచి కథలాపూర్ మీదుగా ఇంకొకటి. సరోజన ఇంట్లో ఉన్న దిండ్లన్నీ తెచ్చి నా కింద వేసింది. దారిలో ఒక ఊరి దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు, బండ్లు ఆపేశారు. నేను దిగి నిలబడ్డాను. కూర్చొమ్మని అందరూ అడిగారు. పర్వాలేదని గంటన్నర నిలబడే ఉన్నాను. ఒక ముసలాయన నన్ను చూసి మెచ్చుకోలుగా తలూపితే, మళ్ళీ మొదలైందిరా నాయనా అనుకున్నాను. సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం అదే మొదలు.

బావ చెప్పింది విని కొంత ధైర్యం, కొంత దిగులు. మిషన్‌తో పైనుంచి కత్తిరించి కుట్లు వేస్తారట, మొలలు పైకి లాక్కుపోతాయట. నొప్పి తక్కువ, మూడో రోజే ఇంటికి వచ్చాడు, పది రోజులకు కిరాణా దుకాణంలో కూర్చున్నాడు. అక్క, సరోజన ఇద్దరూ అదే చేయించాలని అక్కడికక్కడే తీర్మానించేశారు. వాళ్ళు వంటింట్లోకి వెళ్ళాక బావ గొంతు తగ్గించాడు.

"బామ్మర్దీ, ఒక్కటి ఇను. వచ్చిందంటే ఆగదు. నాలుగు నెలలు దుకాణం ఇడిసి ఉరికిన. ఇప్పుడు కొంచెం నయమే గానీ, మొన్నటి సంది ఒక మొల మళ్ళ బయటికి వస్తున్నది. మీ అక్కకు చెప్పకు."

కోరుట్ల నుంచి జగిత్యాల ఎంతో దూరం లేదు గానీ ఆ దారంతా నేను, సరోజన వాదించుకుంటూనే ఉన్నాం. బావ చెప్పింది నేను ఆమెకు చెప్పలేను, చెప్పకుండా ఆమెను ఒప్పించలేను. పది రోజుల్లో లేచి తిరిగిన మనిషిని కళ్ళారా చూసి కూడా కోత కోత అంటావేందని ఆమె కోపం. నిన్ను నెలల తరబడి మోసేది నేను కదా అని ఒక మాట అనేసింది. అది అన్నాక తనే మొహం తిప్పుకుంది.

జగిత్యాల ఆస్పత్రిలో మా నంబర్ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ బెంచీలు ఖాళీగానే ఉన్నా చాలామంది నిలబడే ఉన్నారు. ఎవరికి ఏ జబ్బో వేరే చెప్పక్కర్లేదు. మగవాళ్ళందరం గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాం. రాయికల్ నుంచి వచ్చిన ఒక అవ్వ మాత్రం గాలి నింపిన రబ్బరు ట్యూబు మీద దర్జాగా కూర్చుంది. అరవై దాటి ఉంటాయి, బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ళు పసుపెక్కాయి. నా మొహం చూసి తనే పలకరించింది. రెండు నెలల కింద కోత ఆపరేషన్ అయిందట, ఇప్పుడు చూపించుకోవడానికి వచ్చింది.

అవ్వా, అదుపు ఏమన్నా పోయిందా అని అడిగేశాను. ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి.

"అదుపు పోలే కొడుకా. మూడు వారాలు మాత్రం చుక్కలు కనవడ్డయ్," అంది ఆమె. "మొదటి దొడ్డికి గోడ వట్టుకొని ఏడ్సిన. గోరువెచ్చటి నీళ్ళ టబ్బుల కూసుంటె పానం నిమ్మళమైతది. దినాం మూడుసార్లు కూసో. గిప్పుడు నన్ను జూడు, రోగం వచ్చినట్టే లేను."

సరోజన ఆమె పక్కకు జరిగి ఏ టబ్బు, ఎన్ని నీళ్ళు, ఏం తినాలి అని అడగడం మొదలుపెట్టింది. లేచి పోయేముందు ఆ అవ్వ తన రబ్బరు ట్యూబును నాకిచ్చేసింది. ఊరు, పేరు అడిగితే దాంతో నీకేం పని, నయమయ్యాక ఇంకొకరికి ఇయ్యి అని వెళ్ళిపోయింది.

సర్జన్ పెద్దాయన, ఎక్కువ మాట్లాడడు. ముందు దుర్బిణీ పెట్టి లోపలంతా చూశాడు. నెత్తురు పడితే మొలలే అనుకోవద్దు, లోపల ఇంకేం లేదని తేల్చుకోవాలి అన్నాడు. ఇంకేం లేదని తేలాక వేలు పెట్టి, ఇప్పుడు బయటికి తొయ్యి అన్నాడు. నా శక్తికొద్దీ తోశాను. తియ్యి అన్నాడు. మళ్ళీ తొయ్యి అన్నాడు. మూడోసారి కూడా చూశాక చెయ్యి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"తొయ్యుమంటే నువ్వు బిగవడుతున్నవు. వదలవల్సిన కండరాన్ని గట్టిగ మూస్తున్నవు. ఎన్నేండ్ల సంది గిట్ల ఆపుకుంటున్నవు?"

ఇరవై నాలుగేళ్ళు, సార్ అన్నాను. కరెంటు సంగతి, లైను సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

నాకున్నవి రెండు జబ్బులని అప్పుడు తెలిసింది. మొలలు ఒకటి. రావలసినది రాకుండా ద్వారం దగ్గరే అడ్డుపడే మలబద్ధకం రెండోది, అసలు తల్లి అదే. ఏళ్ళ తరబడి ముక్కడం వల్ల లోపలి గోడ కొంచెం వదులై కిందికి దిగింది కూడా. బావకు చేసిన మిషన్ ఆపరేషన్‌తో లోపలి మొలలు పోతాయి గానీ, నాకు బయటివి కూడా పెద్దవే, అవి మిగిలిపోతాయి, తిరిగి వచ్చే అవకాశమూ ఎక్కువ. లోపలి గోడను కూడా కలిపి కత్తిరించే ఇంకో పెద్ద మిషన్ ఆపరేషన్ హైదరాబాద్‌లో చేస్తారు. దాంతో అడ్డు పోతుందని ఆశ. కానీ ఉన్నట్టుండి ఉరకాల్సి రావడం అందులో ఉంటుంది, పైగా బిగపట్టే అలవాటు పోనివాడికి ఏ మిషనూ పనిచేయదు. కోత ఆపరేషన్‌లో నొప్పి ఎక్కువ, మానడానికి నెల పైన పడుతుంది, కానీ మొలలు తిరిగి రావడం తక్కువ. కండరం జోలికి పోకుండా జాగ్రత్తగా చేస్తే అదుపు పోయే భయమూ తక్కువే, అసలే లేదని మాత్రం చెప్పను అన్నాడు. ఆ చివరి మాట వల్లనే ఆయన మీద నమ్మకం కుదిరింది.

అయితే ఏ కోతకైనా ముందు ఆరు వారాలు వదలడం నేర్చుకుని రమ్మన్నాడు.

2011 నవంబర్, డిసెంబర్

నలభై ఏళ్ళ మనిషి దొడ్డికి కూర్చోవడం నేర్చుకున్నాడంటే నవ్వొస్తుంది కదా. నవ్వండి, కానీ నేర్చుకోండి. పొద్దున చాయ్ తాగిన పావుగంటకు కూర్చోవాలి. మోకాళ్ళు పైకి వచ్చేట్టు కాళ్ళు ఎత్తి పెట్టుకోవాలి. ఊపిరి బిగబట్టకూడదు, కడుపును మెల్లగా ఉబ్బించి కిందిభాగాన్ని వదులు చేయాలి. పది నిమిషాల్లో రాకపోతే లేచి రావాలి, యుద్ధం చేయకూడదు. నీళ్ళు, జొన్నరవ్వతో వండిన గటక, ఆకుకూర. అన్నిటికంటే కష్టమైనది చివరిది: వచ్చినప్పుడు ఆపుకోకూడదు.

మొదటి రెండు వారాలు ఏమీ కాలేదు. సర్జన్‌ను, చాయ్‌ని, నన్ను నేను తిట్టుకున్నాను. మూడో వారంలో ఒక పొద్దున, ముక్కకుండా, నెత్తురు లేకుండా, ఏడు నిమిషాల్లో అయిపోయింది. బయటికి వచ్చి ముందు ఆ మాట సరోజనకు చెప్పాను. పెళ్ళాంతో ఇట్లాంటి సంతోషం పంచుకునే రోజు వస్తుందని అనుకోలేదు.

పెద్ద మిషన్ ఆపరేషన్ అక్కర్లేదని ఆ రోజే తేల్చుకున్నాను. మొలలు మాత్రం పోవాలి. కోతకే ఒప్పుకుంటానని సరోజనకు చెప్పాను. ఈసారి ఆమె వాదించలేదు. బావ దుకాణం విడిచి ఉరికిన సంగతి మేం తిరిగొచ్చాక అక్క తనకు ఫోన్లో చెప్పిందట. ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం అదే రహస్యం మోశామన్నమాట.

2012 జనవరి

ఆపరేషన్ జగిత్యాలలోనే జరిగింది. నొప్పి గురించి ఎక్కువ రాయను. అవ్వ చెప్పిన చుక్కలన్నీ లెక్క తప్పకుండా కనబడ్డాయి. భయం మాత్రం రాస్తాను. నాలుగో రోజు మొదటిసారి పాయఖానకు పోవాలి. తలుపు ముందు నిలబడి పావుగంట లోపలికి అడుగు వేయలేకపోయాను. పాత బుద్ధి మెల్లగా చెవిలో చెప్పింది, ఇవాళ్టికి ఆపుకో, రేపు చూద్దాం అని. అదే అసలైన పరీక్ష. సరోజన వెనక నిలబడి ఉంది.

"పో. నేను గీడనే నిలవడ్త," అంది. "ఏడిస్తే ఏడు, ఎవ్వరు ఇనరు. ఆపుకునుడు మాత్రం లేదు."

వెళ్ళాను. ఏడ్చాను. అయింది. ఆమె ఆ రోజుల్లో రోజుకు మూడుసార్లు నీళ్ళు కాచి టబ్బు నింపింది, పక్కనే కూర్చుని బీడీలు చుట్టింది. నెల తర్వాత చూపించుకోవడానికి పోతే సర్జన్ మళ్ళీ బిగించు, వదులు, తొయ్యి అన్నాడు. మూడూ సరిగ్గానే చేశాను. అదుపు ఎక్కడికీ పోలేదు.

2012 మార్చి

మళ్ళీ పనిలోకి వెళ్ళాను. నాలుగు రోజులు బాగానే గడిచింది. ఐదో రోజు పొద్దున పదిన్నరకు, కరెంటు నిండుగా ఉండి ఆరు సాంచాలూ దడదడలాడుతుండగా, కడుపులో కదిలింది. నా కాళ్ళు వాటంతటవే దగ్గరికి బిగుసుకున్నాయి. ఇరవై నాలుగేళ్ళ అలవాటు అంత తొందరగా చావదు. అట్లాగే ఒక నిమిషం నిలబడ్డాను. తర్వాత ఒక్కొక్క సాంచా దగ్గరికి వెళ్ళి ఆరింటినీ ఆపేశాను.

కరెంటు ఉండగా సాంచాలు ఆగితే కార్ఖానాలో అందరూ తలెత్తి చూస్తారు. మా యజమాని సేటు కుర్చీలోంచి లేచి వచ్చాడు. పోగు తెగిందా, మోటారు కాలిందా అన్నాడు. ఏం కాలేదు సేటూ, దొడ్డికి పోతున్న అని అందరికీ వినబడేట్టు చెప్పాను. నేసిన గుడ్డ ఎవరు దించుతారని వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు, నేను వెళ్ళాను.

నా పని ముగించుకుని తలుపు తీశాను. ఎదురుగా రాజేశం నిలబడి ఉన్నాడు. కరెంటు పోలేదు, వెనక మిగతావాళ్ళ సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. అతనివి మాత్రం నడవడం లేదు. నా మొహంలోకి చూడలేక నేల చూస్తూ అడిగాడు.

"నాకు గూడ ఏడాది సంది నెత్తురు వడుతుందన్నా. ఆ జగిత్యాల సార్ దగ్గరికి నన్ను తోల్కవోతవా?"

రేపే పోదామన్నాను. ముందు లోపలికి పొమ్మని తలుపు పట్టుకున్నాను.